గీత పైకెళ్లింది సరే, పెరిగిందేమిటి?

గ్రాఫ్‌ను ఇంగ్లిష్‌లో వర్ణించాలంటే చాలామంది మొదట వెతికేది క్రియల జాబితా. పెరిగింది అనడానికి పాతిక మాటలు, తగ్గింది అనడానికి మరో పాతిక. సోర్, సర్జ్, స్కైరాకెట్, ప్లమ్మెట్, ప్లంజ్... ఇవన్నీ బట్టీ పట్టి పరీక్ష హాల్లోకి వెళ్తారు. తీరా గ్రాఫ్ ఎదురుగా కనిపించాక వాటిలో సగం ఎక్కడా అతకవు. బలవంతాన అతికించినవి చదివితే గీత ఎటు పోయిందో తెలుస్తుంది గానీ, అసలు ఏం జరిగిందో తెలియదు.

ఈ పని అవసరమయ్యే చోట్లు తక్కువేం కాదు. విదేశీ చదువుల కోసం రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ రైటింగ్‌లో మొదటి టాస్క్ ఇదే. గ్రాఫో, చార్టో, పట్టికో, ఒక్కోసారి మ్యాపో ఇచ్చి కనీసం 150 పదాలు రాయమంటారు, దానికి 20 నిమిషాలు పెట్టుకోమంటారు. అలాంటిదే ఇంకో పరీక్ష పీటీఈ అకడమిక్‌లో బొమ్మ చూసి నోటితో చెప్పాలి. ఆలోచించుకోవడానికి 25 సెకన్లు, మాట్లాడటానికి 40 సెకన్లు. ఆఫీసు రివ్యూలో స్లైడ్ మీద చార్ట్ వేసి "వాక్ అజ్ త్రూ దిస్" అనగానే వచ్చే టెన్షన్ సరేసరి.

నన్నడిగితే ఇందులో ఇంగ్లిష్ వంతు చివరిది. గ్రాఫ్‌లో కొలిచింది దేన్ని, అది ఎంత మారింది, అందులో చెప్పదగ్గ సంగతి ఏది అన్నవి ముందు తేలాలి. అవి తేలితే మామూలు రైజ్, ఫాల్ మాటలతోనే మంచి వర్ణన వస్తుంది. తేలకపోతే ఎంత గొప్ప క్రియ వాడినా నేల విడిచి సాము చేసినట్టే.

కొలిచింది దేన్ని అన్నది ఎంత ముఖ్యమో చూడటానికి ప్రపంచ జనాభా మంచి ఉదాహరణ. మొత్తం జనాభాకు గ్రాఫ్ గీస్తే 1950లో సుమారు 250 కోట్లు, 1987లో 500 కోట్లు, 1999లో 600 కోట్లు, 2011లో 700 కోట్లు, 2022 నవంబరులో 800 కోట్లు. గీత ఎక్కడా వెనక్కి తగ్గదు. ఇప్పుడు అదే జనాభా ఏటా ఎంత శాతం చొప్పున పెరుగుతోందో ఇంకో గ్రాఫ్ గీయండి. 1960లలో 2 శాతానికి పైన ఉన్న గీత, ఆ దశాబ్దం చివరి నుంచి దిగుతూ దిగుతూ 2020లో 1 శాతం కిందికి వచ్చింది. అదే జనం, అదే కాలం, గీతలు మాత్రం ఎదురెదురు దిక్కుల్లో. రెండో గ్రాఫ్ చూసి "ద పాపులేషన్ ఫెల్" అని రాసేవాళ్లు కోకొల్లలు. జనాభా తగ్గలేదు, పెరుగుదల వేగం తగ్గింది. "ద గ్రోత్ రేట్ ఫెల్" అనాలి. లేదంటే "ద పాపులేషన్ కంటిన్యూడ్ టు గ్రో, బట్ మోర్ స్లోలీ" అనాలి. (ఈ అంకెలనే ఇంగ్లిష్‌లో రాస్తుంటే ఇంకో జాగ్రత్త కావాలి. 100 కోట్లు ఒక బిలియన్, 10 లక్షలు ఒక మిలియన్. ఈ మార్పిడిలో ఒక సున్నా జారిపోతే మిగతా వ్యాకరణమంతా వృథా.)

అందుకే వాక్యానికి కర్త ఎవరన్నది క్రియ కంటే ముందు చూసుకోవాలి. తెలుగులో ఒకాయన గ్రాఫ్ పెరిగిందనీ పడిపోయిందనీ అలవాటుగా అనేస్తాం. ఆ ఊపులో "ద గ్రాఫ్ ఇంక్రీజ్డ్" అని రాసేస్తాం. పెరిగేది గ్రాఫ్ కాదు, గ్రాఫ్‌లో చూపించిన సంఖ్య. అలాగే "కార్స్ ఫెల్ షార్ప్‌లీ" అంటే కార్లు ఎక్కడో పైనుంచి కింద పడ్డట్టు వినిపిస్తుంది. పడిపోయినవి కార్ల అమ్మకాలా, వాటి సంఖ్యా, ధరా? "ద నంబర్ ఆఫ్ కార్స్ సోల్డ్" అంటేనే వాక్యం నిలబడుతుంది. లెక్కపెట్టగలిగేవాటికి నంబర్, నీళ్లు, కరెంటు లాంటివాటికి అమౌంట్, మొత్తంలో భాగమైతే ప్రపోర్షన్, షేర్ లేదా పర్సెంటేజ్. పక్కనే ఇంకో చిన్న మెలిక. "ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" తర్వాత ఏకవచనం, వాజ్ రావాలి. "ఎ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్" అంటే చాలామంది అని అర్థం కాబట్టి వర్ రావాలి.

ఇక ఎక్కువ నష్టం చేసేవి చిన్న మాటలు. టు, బై, ఆఫ్, ఇన్, ఎట్. వీటి మీద పెట్టే ఒక గంట, స్కైరాకెట్ లాంటి క్రియల మీద పెట్టే వారం కంటే మేలు.

20 ఉన్నది 30 అయిందనుకోండి. చేరిన చోటు చెప్పాలంటే "రోజ్ టు 30". మారిన మేర చెప్పాలంటే "రోజ్ బై 10". పొరపాటున "రోజ్ బై 30" అని రాస్తే 50కి చేరిందని అర్థం. వ్యాకరణ దోషం ఒక్కటీ ఉండదు, వాక్యం చక్కగా ఉంటుంది, అంకె మాత్రం అబద్ధం. ఇలాంటి తప్పు రాసినవాళ్ల కంటికి ఆనదు. తెలుగులో ఈ తేడాను విభక్తి మోస్తుంది. "30కి పెరిగింది" వేరు, "30 పెరిగింది" వేరు. ఆ చివరి "కి" చేసే పనిని ఇంగ్లిష్‌లో టు చేస్తుంది. తెలుగులో ఏ విభక్తీ లేని చోట ఇంగ్లిష్‌లో కూడా మనం ఖాళీగా వదిలేస్తాం, కానీ అక్కడ బై పెట్టడం క్షేమం.

ఇదే "కి" ఇంకోచోట మోసం చేస్తుంది. "45కి చేరింది" అనే అలవాటుతో "రీచ్డ్ టు 45" అంటాం. రీచ్ అన్న క్రియకు టు అక్కర్లేదు, "రీచ్డ్ 45" చాలు. పీక్, స్టాండ్, లెవల్ ఆఫ్ లాంటి మాటలకు మాత్రం ఎట్ కావాలి: "పీక్డ్ ఎట్ 45", "స్టుడ్ ఎట్ 45". క్రియను నామవాచకంగా మార్చగానే చుట్టూ ఉన్న చిన్న మాటలూ మారిపోతాయి. "సేల్స్ రోజ్ బై 10 పర్సెంట్" అన్నది నామవాచకంగా "ఎ రైజ్ ఆఫ్ 10 పర్సెంట్ ఇన్ సేల్స్" అవుతుంది. మేర ముందు ఆఫ్, దేనిలో పెరుగుదలో దానిముందు ఇన్. మేరను ముందుకు లాగి "ఎ 10 పర్సెంట్ రైజ్ ఇన్ సేల్స్" అంటే ఆఫ్ కూడా పోతుంది. సంవత్సరాల దగ్గర, ఫ్రమ్‌కు జోడీ టు, బిట్వీన్‌కు జోడీ అండ్. "బిట్వీన్ 1990 టు 2000" అన్నది మనవాళ్ల ఇంగ్లిష్‌లో ఎంత పాతుకుపోయిందంటే, తప్పని చెప్పినా నమ్మరు.

రైజ్, రెయిజ్ సంగతి కూడా ఇక్కడే ముగిద్దాం. తనంతట తాను పెరిగితే రైజ్, ఎవరో పెంచితే రెయిజ్. ధరలు రైజ్ అవుతాయి, కంపెనీ ధరల్ని రెయిజ్ చేస్తుంది. "ద ప్రైసెస్ వర్ రోజ్" అన్న రూపం అసలు లేదు. "సేల్స్ వర్ ఇంక్రీజ్డ్" అంటే ఎవరో పూనుకుని పెంచారన్న ధ్వని వస్తుంది. గ్రాఫ్ ఆ మాట చెప్పదు కాబట్టి ఆ వర్ తీసేయడమే మంచిది.

శాతాల దగ్గర ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు కూడా పప్పులో కాలేస్తారు. 20 శాతం ఉన్న వాటా 30 శాతం అయితే "ఇంక్రీజ్డ్ బై 10 పర్సెంట్" అనొచ్చా? అనకూడదు. 20లో 10 శాతం అంటే 2. అంటే ఆ వాక్యం ప్రకారం అది 22కి చేరి ఆగాలి. జరిగింది 10 పర్సెంటేజ్ పాయింట్ల పెరుగుదల, అంటే రెండు శాతాల మధ్య నేరుగా తీసివేస్తే వచ్చే తేడా. అదే మార్పును 50 శాతం పెరుగుదల అని కూడా అనొచ్చు, ఎందుకంటే 20కి దానిలో సగం కలిసింది. రెండూ నిజమే, రెండూ వేర్వేరు కొలతలు. ఏది చెబుతున్నారో చదివేవాడికి తెలియాలి. ఈ తికమకంతా వద్దనుకుంటే "రోజ్ ఫ్రమ్ 20 పర్సెంట్ టు 30 పర్సెంట్" అని రెండు చివరలూ చెప్పేయడం అన్నిటికంటే భద్రం.

రెట్ల దగ్గరా ఇదే గొడవ. 100 శాతం పెరగడం అంటే రెట్టింపు, 200 శాతం పెరగడం అంటే మూడు రెట్లు. "త్రీ టైమ్స్ మోర్ దాన్" అంటే కొందరు మూడు రెట్లు అనుకుంటారు, కొందరు నాలుగు రెట్లు అనుకుంటారు. "త్రీ టైమ్స్ యాజ్ మెనీ యాజ్" అంటే ఎవరికీ అనుమానం రాదు. రెట్టింపుకు డబుల్, మూడు రెట్లకు ట్రిపుల్ అన్న క్రియలు ఎలాగూ ఉన్నాయి.

ఇప్పుడు క్రియల దగ్గరికి వద్దాం. పెరగడానికి రైజ్, ఇంక్రీజ్, గ్రో. తగ్గడానికి ఫాల్, డిక్రీజ్, డిక్లైన్, డ్రాప్. వీటితో తొంభై పాళ్లు పని అయిపోతుంది. జాగ్రత్తగా నేర్చుకోవాల్సినవి గీత ఆకారాన్ని చెప్పే మాటలు, వాటికి కచ్చితమైన అర్థం ఉంది కాబట్టి. డిప్ అంటే కాస్త తగ్గి మళ్లీ కోలుకోవడం, తగ్గి అక్కడే ఉండిపోతే అది డిప్ కాదు. లెవల్ ఆఫ్ అంటే పెరుగుతూనో తగ్గుతూనో వచ్చి ఒకచోట నిలకడ కావడం, మొదటి నుంచీ కదలని గీతకు అది వర్తించదు, దానికి రిమెయిన్ స్టేబుల్ ఉంది. పీక్ అంటే శిఖరం, దాటాక దిగుడు ఉండాలి. గ్రాఫ్ చివరి సంవత్సరం దాకా పెరుగుతూనే ఉంటే, ఆ చివరి బిందువు అన్నిటికంటే ఎత్తులో ఉన్నా "పీక్డ్" అనకపోవడమే నయం. తర్వాతి ఏడాది ఏమైందో గ్రాఫ్‌లో లేదు కదా. "ఎండెడ్ ద పీరియడ్ ఎట్ ఇట్స్ హయ్యెస్ట్ పాయింట్" అంటే సరిపోతుంది.

ఫ్లక్చుయేట్ అన్న మాటను ఇంకాస్త దగ్గరగా చూడాలి. హవాయిలోని మౌనా లోవా పర్వతం మీద 1958 నుంచి గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో కొలుస్తూ వస్తున్నారు. కీలింగ్ కర్వ్ అని పేరు పడ్డ గ్రాఫ్ అదే. దగ్గరి నుంచి చూస్తే అది రంపపు పళ్లలా ఉంటుంది. ఏటా మే నెలకల్లా పైకి వెళ్తుంది, ఉత్తరార్ధగోళంలో చెట్టూచేమా ఎదిగే కాలంలో కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకోవడంతో సెప్టెంబరు, అక్టోబరు కల్లా దిగుతుంది. దూరం నుంచి చూస్తే ఆ పళ్లన్నీ కలిసి ఒకటే ఎగువ దారి పట్టాయి. మొదట్లో 315 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు ఎన్ని పాళ్లన్న లెక్క) దరిదాపుల్లో ఉన్నది ఇప్పుడు 420 దాటింది. దీన్ని "ఫ్లక్చుయేటెడ్" అని ఒక్క మాటలో తేల్చేస్తే, అరవై ఏళ్లకు పైబడిన పెరుగుదల మొత్తం మాయమైపోతుంది. పైకీ కిందికీ ఊగుతూ చివరికి ఏ వైపూ పోనిదే ఉత్త ఫ్లక్చుయేషన్. ఇక్కడ "రోజ్ త్రూఅవుట్ ద పీరియడ్, విత్ ఎ రెగ్యులర్ సీజనల్ ఫ్లక్చుయేషన్ ఈచ్ ఇయర్" అనాలి. అలాగని స్టెడీగా పెరిగిందనలేం. అరవైలలో ఏడాదికి 1 పీపీఎం లోపు పెరిగేది, ఇప్పుడు 2కి పైన పెరుగుతోంది. "ఎట్ ఎన్ ఇంక్రీజింగ్ రేట్" అన్న నాలుగు మాటలు చేరిస్తేనే వర్ణన పూర్తవుతుంది.

క్రియా విశేషణాల్లో రెండు జాతులున్నాయి. స్లైట్‌లీ, కన్సిడరబ్‌లీ, సబ్‌స్టాన్షియల్లీ అన్నవి ఎంత మారిందో చెబుతాయి. గ్రాడ్యువల్లీ, స్టెడిలీ, ర్యాపిడ్‌లీ అన్నవి ఎంత వేగంగా మారిందో చెబుతాయి. వీటిని కలిపేసి, గ్రాడ్యువల్లీ అంటే కొంచెం అనే అర్థంలో వాడేవాళ్లు చాలామంది. ముప్పై ఏళ్లలో నెమ్మదిగా పెరిగి మూడింతలైనదాన్ని "గ్రాడ్యువల్లీ బట్ సబ్‌స్టాన్షియల్లీ" అనడంలో వైరుధ్యం ఏమీ లేదు. షార్ప్‌లీ అంటే ఎక్కువగా, వేగంగా రెండూ. సిగ్నిఫికెంట్‌లీ మాట మామూలు వ్యాసంలో ఫర్వాలేదు గానీ, పరిశోధన పత్రంలో దానికి గణాంకశాస్త్ర పరీక్షలో నెగ్గిందన్న ప్రత్యేకార్థం ఉంది, అక్కడ ఊరికే వాడకూడదు. ఎక్స్‌పొనెన్షియల్లీ అన్నది ప్రతి వ్యవధిలోనూ ఒకే నిష్పత్తిలో పెరిగేదానికి చెందిన మాట. బాగా పెరిగింది అనడానికి దాన్ని లాక్కురావడం చూస్తే నాకు చిరాకు.

వీటిని ఎంచుకునేటప్పుడు గీత వాలును నమ్మొద్దు. నిలువు అక్షం 50 దగ్గర మొదలై 52 దగ్గర ఆగితే, ఒక్క యూనిట్ మార్పు కూడా నిట్టనిలువు కొండలా కనిపిస్తుంది. గోరంతను కొండంత చేయడానికి అక్షం ఒక్కటి చాలు. షార్ప్‌లీ రాసే ముందు అంకెలు చదవాలి. అడ్డం అక్షంలోనూ ఒక కిటుకు ఉంటుంది. 1980, 1990, 2000, 2005, 2006 అని వ్యవధులు సమానంగా లేకుండా, అక్షం మీద మాత్రం సమాన దూరంలో పేర్చి ఉండొచ్చు. చివర్లో నెమ్మదించినట్టు కనిపించేది, ఏడాదికెంత అని లెక్కేస్తే వేగం పుంజుకుని ఉండొచ్చు.

కాలాల గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గడిచిన సంవత్సరాలకు సింపుల్ పాస్ట్, తేదీ లేని చార్ట్‌కు సింపుల్ ప్రెజెంట్, అంచనాలకు "ఈజ్ ప్రొజెక్టెడ్ టు". ప్రపంచ జనాభా 2080ల మధ్యలో 1,030 కోట్ల దగ్గర శిఖరానికి చేరుతుందని ఐక్యరాజ్యసమితి 2024లో అంచనా వేసింది. దాన్ని "విల్ పీక్" అని తేల్చేస్తే అంచనాను జోస్యం చేసినట్టవుతుంది, "ఈజ్ ప్రొజెక్టెడ్ టు పీక్" అంటే మాట అంచనా దగ్గరే ఉంటుంది.

వాక్యాలన్నీ సరిగ్గా ఉండి కూడా వర్ణన విఫలం కావడానికి కారణం ఒకటుంది: ప్రతి అంకెనూ వరసగా ఏకరువు పెట్టడం. ఐఈఎల్‌టీఎస్‌లో మార్కులు వేసేది నాలుగు కొలమానాల మీద. అందులో మొదటిది టాస్క్ అచీవ్‌మెంట్, అంటే అడిగిన పని ఎంతవరకు చేశారన్నది. వివరాలను యాంత్రికంగా అప్పజెప్పడాన్ని బ్యాండ్ 5 (బ్యాండ్ అంటే స్కోరు మెట్టు) స్థాయి లక్షణంగా వాళ్ల స్కోరింగ్ వివరణలోనే రాసుకున్నారు. బ్యాండ్ 7కి స్పష్టమైన ఓవర్‌వ్యూ కావాలి. అంటే అంకెలు పక్కన పెట్టి, ఈ గ్రాఫ్ మొత్తంగా చెబుతున్నదేమిటో ఒకటి రెండు వాక్యాల్లో చెప్పడం.

ఒక కల్పిత గ్రాఫ్ తీసుకుందాం. ఒక నగరంలో 1980 నుంచి 2010 దాకా ఉద్యోగానికి వెళ్లేవాళ్లు ఎందులో వెళ్లారన్నది విషయం. బస్సు వాటా 45 శాతం నుంచి 25కి దిగింది. కారు 20 నుంచి 45కి ఎక్కింది. రైలు 15కీ 18కీ మధ్య ఊగిసలాడింది. బలహీనమైన జవాబు బస్సుతో మొదలుపెడుతుంది: 1980లో 45, 1990లో ఇంత, 2000లో ఇంత. తర్వాత కారు, తర్వాత రైలు. మూడు పేరాలు చదివాక కూడా పాఠకుడి తలలో గ్రాఫ్ ఏర్పడదు. ఇప్పుడు గ్రాఫ్‌కు కాస్త దూరంగా నిలబడండి. బస్సు, కారు గీతలు ఒకదాన్నొకటి దాటి స్థానాలు మార్చుకున్నాయి. ఇందులో కబురు అదే. "ఓవరాల్, ద కార్ రీప్లేస్డ్ ద బస్ యాజ్ ద మోస్ట్ కామన్ వే టు ట్రావెల్, వైల్ ద షేర్ ఆఫ్ ట్రెయిన్ యూజర్స్ చేంజ్డ్ లిటిల్." అంకె ఒక్కటి లేదు, గొప్ప క్రియ ఒక్కటి లేదు, అయినా మొత్తం వచ్చేసింది. ఆ తర్వాత కారు వాటా రెట్టింపు దాటిందని, గీతలు ఏ సంవత్సరం దగ్గర దాటుకున్నాయని అంకెలతో బలపరిస్తే చాలు. రైలుకు ఒక్క వాక్యమే ఎక్కువ.

గీతల మధ్య సంబంధమే అసలు సంగతి కావడం గ్రాఫ్ పుట్టుకలోనే ఉంది. స్కాట్లండ్‌కు చెందిన విలియం ప్లేఫెయిర్ 1786లో ఇంగ్లండ్ ఎగుమతులను, దిగుమతులను రెండు గీతలుగా గీశాడు. వాటి మధ్య ఖాళీకి రంగు వేసి, అది వాణిజ్యంలో మిగులా, లోటా అన్నది చూపించాడు. పాఠకుడు చూడాల్సింది ఆ ఖాళీని. గ్యాప్ వైడెన్డ్, న్యారోడ్, ఓవర్‌టుక్ అన్న మాటలు నా దృష్టిలో సోర్, ప్లమ్మెట్ కంటే ఎంతో విలువైనవి, రెండు గీతలను ఒకే వాక్యంలోకి తెస్తాయి కాబట్టి.

వృత్తాన్ని ముక్కలుగా కోసి వాటాలు చూపించే పై చార్ట్‌ను (pie chart) లోకానికి ఇచ్చిందీ ఆ ప్లేఫెయిరే, 1801లో. ఒకే ఏడాదికి చెందిన పై చార్ట్‌లో ట్రెండ్ అనేదే ఉండదు. అక్కడ రైజ్, ఫాల్ వాడటం శుద్ధ తప్పు, పోలికలే రాయాలి. వేర్వేరు సంవత్సరాల పై చార్టులు రెండు పక్కపక్కన ఇచ్చినప్పుడు ఇంకో ఉచ్చు ఉంది. మొత్తం విద్యుత్తు 100 యూనిట్ల నుంచి 300 యూనిట్లకు పెరిగి, అందులో బొగ్గు వాటా 50 శాతం నుంచి 30 శాతానికి తగ్గిందనుకోండి. వాటా తగ్గింది, కానీ బొగ్గుతో తీసిన విద్యుత్తు 50 యూనిట్ల నుంచి 90కి పెరిగింది. "కోల్ యూజ్ డిక్రీజ్డ్" అన్నది అచ్చమైన తప్పు. "ద షేర్ ఆఫ్ కోల్ ఫెల్" అన్నది ఒప్పు. మొత్తం ఎంతో చార్ట్ చెప్పకపోతే వాటా గురించి తప్ప ఇంకేమీ మాట్లాడకూడదు.

ఇక కారణాలు. 2008లో గీత పడిపోతే ఆర్థిక సంక్షోభం వల్లనే అని రాయడానికి చెయ్యి దురద పెడుతుంది. ఐఈఎల్‌టీఎస్ టాస్క్‌లో అడిగింది గ్రాఫ్‌లో ఉన్నదాని సారాంశం, ముఖ్య లక్షణాలు, పోలికలు మాత్రమే. బికాజ్ అనగానే గ్రాఫ్ బయటికి వెళ్లినట్టే. ఆఫీసులో సంగతి వేరు, అక్కడ ఎందుకు పడిపోయిందో చెప్పకపోతే ఊరుకోరు. అక్కడ కూడా గీత చూపించేది ఒక వాక్యంలో, మీరు ఊహించే కారణం "దిస్ మే బి డ్యూ టు" అంటూ ఇంకో వాక్యంలో పెడితే, రేపు కారణం వేరని తేలినా మొదటి వాక్యానికి ఢోకా ఉండదు.